పేర్లు మారిన బండి

“తరం మారింది” అనే మాటను మనం తరచుగా వాడుతూ ఉంటాము. అయితే ఏది మారితే తరం మారినట్లు? పేరు మారితేనా, ముఖం మారితేనా, లోపలి గుణం మారితేనా? ఈ ప్రశ్న ఇటీవల భిలాయిలో, మా మేనమామగారి ఇంటి ముంగిట నిలిచి ఉన్న ఒక పాత అంబాసిడర్ కారు ముందు నాకు ఎదురైనది.

మా మామయ్య యౌవనంలోనే శ్రీకాకుళం జిల్లా నుండి భిలాయి చేరి, ఉక్కు కర్మాగారంలోని రైలుపట్టాల మిల్లులో పనిచేసి పదవీ విరమణ పొందినవారు. ఆయన బండి అంబాసిడర్ మార్క్ 4. పిల్లల పెళ్ళిళ్ళకు, పురిటి రాత్రులకు, ఊరి ప్రయాణాలకు దశాబ్దాలపాటు ఆ ఇంటికి అదే ఆధారం. కొన్నేళ్ళుగా అది కదలడం లేదు. కుమారుడు దానిని తుక్కుకు ఇచ్చివేద్దామంటాడు. మామయ్య ఔననరు, కాదనరు. ఆ మౌనం పెరిగి పెరిగి తండ్రీకొడుకుల మధ్య మాటలే తగ్గిపోయినవి.

“నువ్వు చెప్పల్లుడూ, ఉంచాలా, ఇచ్చేయాలా?” అని నన్ను మధ్యవర్తిని చేశారు.

తీర్పు చెప్పే ముందు ఆ బండి వంశచరిత్రను ఒకసారి తిరగవేయడం న్యాయమనిపించినది.

హిందుస్థాన్ మోటార్స్ సంస్థ 1942లో బిర్లాల పూనికతో గుజరాత్ తీరంలోని ఓఖా రేవులో పుట్టినది. 1948లో పశ్చిమ బెంగాల్‌లోని ఉత్తరపారాకు తరలినది. బ్రిటన్‌లోని మోరిస్ సంస్థ నమూనాలే దానికి పెట్టుబడి. 1956లో అక్కడ వెలువడిన మోరిస్ ఆక్స్‌ఫర్డ్ మూడవ శ్రేణి కారు, దాని అచ్చులతో సహా మన దేశానికి వచ్చి, 1950ల చివర అంబాసిడర్‌గా నామకరణం పొందినది. 1476 ఘనపు సెంటీమీటర్ల ఇంజను, ముందు మెలిపడే కడ్డీలపై, వెనుక కమానుకట్టలపై ఆనిన శరీరం, స్టీరింగు పక్కనే గేరు. ఇదీ దాని జన్మలక్షణం. ఇంజను పక్కన ఉన్న వాల్వులు కొద్దికాలానికే పైకి చేరినవి.

తరువాత మార్క్ 2 వచ్చినది. 1975లో మార్క్ 3, 1979లో మార్క్ 4 వచ్చినవి. ముందు జల్లెడ మారినది, దీపాల అమరిక మారినది, లోపలి పలక మారినది. డీజిల్ ఇంజను తోడైనది. 1990లో నోవా అన్నారు. ఆ తరువాత జపాన్ ఇసుజు సంస్థ రూపొందించిన 1800 తరగతి ఇంజను, అయిదు గేర్లు చేరినవి. నిజంగా లోపల జరిగిన పెద్ద మార్పు అదే. 2003లో గ్రాండ్, 2004లో అవీగో అనే పేర్లు పెట్టారు. 2014 మే నెలలో ఉత్తరపారాలో ఉత్పత్తి ఆగిపోయినది. 2017లో అంబాసిడర్ అనే పేరును సైతం ఫ్రాన్సు దేశపు ప్యూజో సంస్థ 80 కోట్ల రూపాయలకు కొనుక్కున్నది. అర్ధశతాబ్దికి పైగా బ్రతికిన ఈ వంశంలో శరీరం మాత్రం మొదటినుండి చివరివరకు దాదాపు ఒక్కటే.

ఇదే కాలంలో మరొక కారు వంశం ఎట్లా నడిచినదో చూద్దాము. జర్మనీలోని మెర్సిడెస్ బెంజ్ సంస్థ దూరప్రయాణాలను వేగంగా, సుఖంగా చేయడానికి 1954లో 300 ఎస్.ఎల్. అనే కారును ప్రదర్శించినది. పక్షి రెక్కలవలె పైకి లేచే తలుపులు, ఇంధనాన్ని నేరుగా సిలిండరులోకి చిమ్మే ఇంజను దాని విశేషాలు. 1963లో వచ్చిన తరంలో, ప్రమాదవేళ బండి ముందు వెనుకలు నలిగి ప్రయాణికుల గదిని కాపాడే ఏర్పాటు చేశారు. 1971లో వచ్చిన తరం పద్ధెనిమిదేళ్ళు నిలిచినది. 1989 నాటి కారులో, బండి తిరగబడబోతున్నదని గ్రహించి తనంత తానే పైకి లేచే రక్షణ కమ్మీ అమరినది. 2001 నాటి కారుకు ముడుచుకునే లోహపు కప్పు వచ్చినది. 2012 నాటి కారు శరీరంలో అధికభాగం అల్యూమినియమే. ఎస్.ఎల్. అనే రెండక్షరాలు మారలేదు. లోపలిదంతా మారుతూ వచ్చినది. అంబాసిడర్ విషయంలో జరిగినది సరిగ్గా దీనికి విపర్యయం.

“కోటీశ్వరుల బండికీ సామాన్యుల బండికీ పోలికేమిటి?” అని పాఠకులు అడుగవచ్చును. ప్రశ్న న్యాయమైనదే. కాని 1983 డిసెంబరులో మన వీధుల్లోకి వచ్చిన చౌక బండి మారుతి 800 సైతం 1986కే కొత్త శరీరం తొడుక్కున్నది. కాబట్టి ఇది ధరకు సంబంధించిన విషయం కాదు.

అసలు కారణం మరొకటి. ఆనాడు ఎవరు ఎన్ని కార్లు తయారు చేయాలో ప్రభుత్వ లైసెన్సు నిర్ణయించేది. కొనేవాడికి అంబాసిడర్, ఫియట్, స్టాండర్డ్ తప్ప దిక్కులేదు. డబ్బు కట్టి ఏళ్ళ తరబడి ఎదురుచూసేవారు. గుమ్మం ముందు వరుస తరగనప్పుడు, వంట రుచి మార్చాలని ఏ వంటవాడికి తోస్తుంది? మంత్రులకూ అదే బండి, అద్దెకారు నడిపేవాడికీ అదే బండి. రాజ్యం ఇచ్చిన గౌరవాన్ని తయారీదారు తన పనితనానికి వచ్చిన గౌరవంగా భావించినాడు.

అయినా ఆ బండి గుణాలను మరువరాదు. పెద్దవారు నడుము వంచకుండా ఎక్కగల ఎత్తైన సీటు, ఇంటిల్లిపాదీ పట్టే చోటు, గతుకుల రోడ్డును ఓర్చుకునే శక్తి, ఏ ఊరి చెట్టుకిందనైనా మెకానిక్ విప్పి బిగించగల సరళత. అది మన రోడ్లను ఎరిగిన బండి. మన రోడ్లు మారినప్పుడు అది మారకపోవడమే లోపం.

ఇదంతా మామయ్యకు చెప్పి, “మీ కర్మాగారపు ఉక్కుతో చేసిన బండి కాబట్టే మీకింత మమకారమా?” అని పరిహాసమాడినాను. ఆయన నవ్వినారు.

“కాదల్లుడూ. కారుకి కావలసింది పలచని రేకు. అది రూర్కెలా, బొకారో చేస్తాయి. మా భిలాయిది రైలుపట్టా, దూలం, మందపు పలక. ఆ పట్టా సంగతి వింటావా?”

ఆయన చెప్పిన కథ ఇది. 1955లో సోవియట్ దేశంతో ఒడంబడిక కుదిరి, 1959 ఫిబ్రవరి 4న రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ చేతులమీదుగా భిలాయిలో తొలి ఊదుకొలిమి వెలిగినది. మొదట ఏటా 10 లక్షల టన్నులు, 1967 నాటికి 25 లక్షలు, 1988 నాటికి 40 లక్షల టన్నుల సామర్థ్యం. పట్టా ఆకారం చూసేవారికి ఆనాడూ ఈనాడూ ఒక్కటే. తల, నడుము, పాదం. కాని మీటరుకు 52 కిలోలు తూగే పట్టా తరువాత 60 కిలోల పట్టా వచ్చినది. ఉక్కులో చిక్కుకొన్న హైడ్రోజన్ వాయువు పట్టా లోపల వెంట్రుకవాసి పగుళ్ళు పుట్టిస్తుందని తెలిసి, కరిగిన ఉక్కునుండి శూన్యంలో ఆ వాయువును లాగివేసే యంత్రం పెట్టారు. ఒకనాటి 13 మీటర్ల పట్టా స్థానంలో, కొత్త మిల్లు 130 మీటర్ల పట్టాను ఒకే ముక్కగా సాగదీస్తున్నది. రెండింటిని అతికితే 260 మీటర్లు. అతుకు తగ్గినకొద్దీ చక్రానికి దెబ్బ తగ్గుతుంది, ప్రయాణికునికి ప్రమాదం తగ్గుతుంది.

“పట్టా విరిగితే రైల్లో ఉన్నవాళ్ళ గతేమిటని మాకు భయం. ఆ భయమే మాకు పని నేర్పింది. ఈ బండి చేసినవాళ్ళకి ఆ భయం లేకపోయింది,” అన్నారు మామయ్య. కొంతసేపు ఆగి, నెమ్మదిగా, “ఇచ్చేయమను. కాని ఒక్క షరతు,” అన్నారు.

మనవడు రాయపూర్‌లో ఇంజనీరింగు చదువుతున్నాడు. సెలవులకు వచ్చినప్పుడు వాడు తాతతో కూర్చుని ఆ ఇంజనును ఒక్కసారి పూర్తిగా విప్పాలి. ప్రతి భాగం ఏ పని చేస్తుందో, ఎక్కడ అరిగినదో, దానిని ఇంకా మేలుగా ఎట్లా చేసి ఉండవచ్చునో ఆలోచించి చెప్పాలి. ఆ తరువాత తుక్కువానిని పిలవవచ్చును.

కుమారుడు వెంటనే ఒప్పుకున్నాడు. “నేనూ కూర్చుంటాను నాన్నా. నాకు మాత్రం ఏం తెలుసు?” అన్నాడు. చాలాకాలానికి ఆ ఇంట తండ్రీకొడుకులు ఒకే పళ్ళెంలో పకోడీలు తింటూ పానాలు, స్క్రూడ్రైవర్లు ఎక్కడున్నవో వెదకడం చూచినాను.

పాతదానిని ఏమీ నేర్చుకోకుండా పారవేయడం తప్పు. ఏమీ నేర్చుకోకుండా దాచుకోవడమూ తప్పే. తండ్రి చేసిన పనిని విప్పి చూచి, అందులోని మేలును నిలుపుకొని, లోపాన్ని దిద్దినప్పుడే తరం మారినట్లు. ఈ మాట కారుకు ఎంత నిజమో, మన ఇళ్ళకూ, కార్యాలయాలకూ, బడులకూ అంతే నిజం.