పద్దుల పుస్తకంలో పెనుగాలి

పాత కాగితాలంటే మన ఇళ్ళల్లో ఎంత చులకనో చెప్పనక్కర్లేదు. పండుగకు ఇల్లు దులిపితే మొట్టమొదట గడప దాటేవి అమ్మమ్మ పద్దుల పుస్తకాలూ, అత్తగారి ఉత్తరాలూను. "ఉప్పూ పప్పూ లెక్కలు, వాటినేం చేసుకుంటావ్?" అంటారు ఇంటాయన. ఆ మాట తప్పని వాదించడానికే నేను కలం పట్టాను.

మాది విశాఖపట్నం. గాలి సంగతి మాకొకరు చెప్పనక్కర్లేదు. అయినా, "ఇప్పుడు తుఫాను పుట్టడం ఆలస్యం, ఆకాశంలోంచి ఫొటో తీసేస్తున్నారు కదా, పాత రాతలెందుకమ్మా?" అనేవాళ్ళు మా ఊళ్ళోనూ ఉన్నారు. వాతావరణాన్ని ఉపగ్రహాలు చూడడం మొదలైందే 1960లో. ఇలాంటి గాలి ముప్ఫయ్యేళ్ళకోసారి వస్తుందా, వందేళ్ళకోసారా అన్నది తేలాలంటే ఆ ఫొటోలు చాలవు. అది తేలకుండా పోర్టు గోడ ఎంత ఎత్తుండాలో, స్టీలు ప్లాంటు కరెంటు స్తంభం ఎంత గాలికి ఓర్చుకోవాలో ఎవరు చెబుతారండీ?

అందుకే శాస్త్రజ్ఞులు పాత కాగితాలు వెతుకుతారు. 1848లో "సైక్లోన్" అన్న మాట పుట్టించిన హెన్రీ పిడింగ్టన్, కలకత్తాలో కూర్చుని, ఓడల కెప్టెన్లు రాసుకున్న దినచర్య పుస్తకాలు ముందేసుకునే తుఫానుల నడక కనిపెట్టాడు. మా ఊళ్ళో గోడే వెంకట జగ్గారావుగారు 1840లో సొంతంగా నక్షత్రశాల పెట్టారు. తరవాత అంకితం వెంకట నరసింగరావుగారు అక్కడే వాతావరణం లెక్కలు రాయించారు. 1876 అక్టోబరులో విశాఖ మీదికి వచ్చిన తుఫాను మీద ప్రభుత్వం నివేదికే అచ్చు వేసింది.

అంతా బాగానే ఉంది. కానీ వీటిలో మన వంటిల్లు ఎక్కడ? 1839 నవంబరులో కోరంగిని ముంచిన ఉప్పెన సంగతి చూడండి. 20 వేల పడవలు, 3 లక్షల ప్రాణాలు అని ఒక పుస్తకం చూసి మరో పుస్తకం రాస్తూ వచ్చాయి. దేశంలో జనాభా లెక్కలు మొదలైందే 1871-72లో. మరి ఆ మూడు లక్షల మందిని లెక్కపెట్టిందెవరు? ఇంత గుండ్రటి అంకెలో ఒక్క తల్లి ముఖమైనా కనబడుతుందా?

ఆడవాళ్ళ రాతలో ఏముంటుందంటారా? "పొద్దున ఈశాన్యం గాలి. మధ్యాహ్నం కాస్సేపు చెట్టాకు కదల్లేదు. తరవాత నైరుతి నుంచి ఈడ్చి కొట్టింది" అని ఒక ఇల్లాలు రాసిపెడితే, తుఫాను కన్ను ఆ ఇంటి మీదుగా వెళ్ళిందని అర్థం. బియ్యం ధర ముందు వారం ఎంత, తరవాతి వారం ఎంత అన్న పద్దు, ఊరు ఎంత నష్టపోయిందో ఏ అమీనా రాయనంత నిజంగా చెబుతుంది.

ఒక్క జాగ్రత్త. సంవత్సరం పేరుతో సరిపెట్టుకోకండి. "వికారి" అని మాత్రమే రాస్తే అది 1839 కావచ్చు, 1899 కావచ్చు, 1959 కూడా కావచ్చు. అరవయ్యేళ్ళకోసారి అదే పేరు తిరిగొస్తుంది. పక్కన అంకె కూడా వెయ్యాలి.

2014 అక్టోబరు 12, ఆదివారం, హుద్‌హుద్ వచ్చిననాటి సంగతి మనలో ఎందరు రాసిపెట్టారు? ఫోన్లలో వీడియోలు తీశాం. ఫోన్లు మారాయి, వీడియోలు పోయాయి. గాలి ఎన్నింటికి మొదలైంది, ఏ దిక్కు కిటికీ ముందు పగిలింది, చెట్టు ఎటు ఒరిగింది, నీళ్ళకు ఎన్నాళ్ళు అల్లాడాం, పాలపాకెట్టు ఎంతకు కొన్నాం — ఇవన్నీ మనకే తెలుసు. కలెక్టరు కచేరీలో రాసుకున్నది కచేరీకి కావలసినంతే. మిగిలింది మనం రాయకపోతే, వందేళ్ళ తరవాత మన గురించి కూడా ఎవరో ఒక గుండ్రటి అంకె వేసి ఊరుకుంటారు.