మధ్యరకం ముక్కలు పడితే...

పేకాట గురించి సాంకేతిక శీర్షికలో రాయడమేమిటని కొందరు ముక్కు మీద వేలేసుకోవచ్చు. కాని ఈ శతాబ్దంలో కృత్రిమ మేధ రంగంలో జరిగిన మంచి పనుల్లో కొంత పేక బల్ల మీదే జరిగింది. అమెరికాలో శనివారం రాత్రి పోకర్ ఆడుకునే మన సాఫ్ట్‌వేర్ మిత్రులకి అందులోంచి ఒక్క విషయం చెప్పాలని ఉంది. గట్టి ముక్కలతో ఏం చెయ్యాలో అందరికీ తెలుసు. అసలు చిక్కు మధ్యరకం ముక్కలతోనే. అక్కడ చాలాసార్లు సరైన సమాధానం "చెక్", అంటే పందెం కట్టకుండా వంతు వదిలెయ్యడం.

మనవాళ్ళకి ఇది ఒక పట్టాన మింగుడు పడదు. కారణం మన మూడుముక్కలాటలో ఉందని నా అనుమానం. అందులో వంతు వస్తే డబ్బైనా వెయ్యాలి, ముక్కలైనా పడెయ్యాలి. ఆఖరికి షో అడగాలన్నా డబ్బు కట్టాల్సిందే. ఊరికే కూర్చునే వెసులుబాటు లేదు. ఆ ఆటలో చెయ్యి తిరిగినవాడికి చెక్ అనడం పిరికితనంలా కనిపిస్తుంది. జత పడింది కదా అని కట్టేస్తాడు. ఎందుకు కట్టావయ్యా అంటే "నేనెక్కడున్నానో తెలుసుకుందామని" అంటాడు. నేను ఎన్నో బల్లల దగ్గర విన్న మాట ఇది. దీనంత ఖరీదైన మాట పోకర్‌లో ఇంకోటి లేదని నా అభిప్రాయం.

లెక్క వేసి చూద్దాం. టెక్సాస్ హోల్డెమ్‌లో మీ చేతిలో ఆసు, పది. బల్ల మీద రాజు, పది, ఏడు, నాలుగు, రెండు; ఫ్లష్ భయం లేదు. మధ్యలో 100 డాలర్లున్నాయి. ఇక పడే ముక్కలు లేవు. అవతలివాడు చెక్ అన్నాడు, చివరి వంతు మీది. మీరు 50 డాలర్లు కట్టారనుకోండి. ఏడుతోనో నాలుగుతోనో జత పడ్డవాడు పడేసి పోతాడు. వాడి మీద మీరు ఎలాగూ గెలిచేవారే. ఉండేది ఎవరు? రాజు ఉన్నవాడూ, మీకన్నా చిన్న తోడుతో పది ఉన్నవాడూ. అలా ఉండగల చేతులు పన్నెండనీ, వాటిలో ఎనిమిది మిమ్మల్ని కొట్టేవనీ అనుకుందాం. ఎనిమిదిసార్లు 50 పోతే 400. నాలుగుసార్లు వస్తే 200. నికరంగా 200 నష్టం. చెక్ అని ముక్కలు తిప్పితే ఈ నష్టం లేదు. మన చెయ్యి బలమైనదా కాదా అన్నది ప్రశ్న కాదు. కడితే ఎవరు ఉంటారన్నదే ప్రశ్న.

ఈ సంగతి గణితంలో కొత్తది కాదు. ఆటల సిద్ధాంతానికి ఆద్యుడైన జాన్ వాన్ న్యూమన్ పేరు మీద ఒక బుల్లి పోకర్ ఉంది. ఇద్దరికీ సున్నాకీ ఒకటికీ మధ్య చెరో సంఖ్య వస్తుంది. ఇద్దరూ చెరో డాలరు వేస్తారు. మొదటివాడు 2 డాలర్లు కట్టొచ్చు, లేదా చెక్ అనొచ్చు. చెక్ అంటే సంఖ్యలు తిప్పి చూడడమే. కడితే రెండోవాడు కాల్ చెయ్యాలి, లేదా పడెయ్యాలి. సంఖ్యలని తొమ్మిది సమాన భాగాలు చేస్తే జవాబు ఇలా తేలుతుంది: పై రెండు భాగాలతో కట్టు, అట్టడుగు భాగంతో బుకాయించి కట్టు, మధ్యనున్న ఆరు భాగాలతో చెక్ అను. అట్టడుగు చేతికి తిప్పి చూస్తే గెలిచే ఆశ లేదు కనుక అది బుకాయింపుకి పనికొస్తుంది. మధ్య చేతికి ఆ ఆశ ఉంది. దాన్ని బుకాయింపులో పోగొట్టుకోకూడదు.

యంత్రాలు ఈ దారినే నడిచాయి. 2015లో ఆల్బర్టా విశ్వవిద్యాలయం వారి సెఫియస్ ఇద్దరాడే లిమిట్ హోల్డెమ్‌ని దాదాపు పూర్తిగా ఛేదించింది. 2017లో కార్నెగీ మెలన్ వారి లిబ్రేటస్ పిట్స్‌బర్గ్‌లో నలుగురు ఆరితేరిన ఆటగాళ్ళని 1,20,000 చేతుల పోటీలో ఓడించింది. వీటికి బుకాయింపు ఎవరూ నేర్పలేదు. తమతో తామే ఆడుకుంటూ, "అప్పుడు ఇంకోలా చేసి ఉంటే ఎంత బాగుండేది" అన్న విచారాన్ని ప్రతి నిర్ణయానికీ అంకెల్లో కూడబెట్టుకుని, ఆ విచారం తగ్గే వైపు జరుగుతూ నేర్చుకున్నాయి.

అలాగని ప్రతి మధ్యరకం చేతికీ చెక్ అనమని కాదు. ముక్కలు ఇంకా పడవలసి ఉంటే లెక్క మారుతుంది. మొదటి మూడు ముక్కలు పడ్డాక ఫ్లష్‌కి ఒక్క ముక్క దూరంలో ఉన్నవాడికి, మిగతా రెండు ముక్కల్లో అది పడే అవకాశం సుమారు 35 శాతం. వాడికి ఉచితంగా చూపించడం దండగ, కట్టడమే మేలు. ఏం కట్టినా కాల్ చేసే మహానుభావుడు ఎదురుగా ఉన్నా అంతే. వాడి మీద బుకాయింపు మానేసి, మధ్యరకం చేతుల్లో మెరుగైన వాటితో ధైర్యంగా కట్టొచ్చు. ఈ రెండు చోట్లా మారింది జవాబే గాని ప్రశ్న కాదు.

అందుకే సాల్వర్ చూపించే రంగురంగుల పట్టికలని బట్టీ పట్టకండని నా సలహా. ఆ పట్టిక అవతలివాడు తప్పే చెయ్యడన్న ఊహ మీద నిలబడింది. మన శనివారం బల్ల దగ్గర అలాంటివాడు నాకింకా తారసపడలేదు. చేతిలో డబ్బు ముందుకి జరిపే ముందు ఒక్క క్షణం ఆగి, నాకన్నా తక్కువ చేతులు ఎన్ని ఉంటాయి, ఎక్కువవి ఎన్ని ఉంటాయి అని వేళ్ళ మీద లెక్కపెట్టుకోండి. ఆ లెక్క తేలకపోతే బల్ల మీద రెండు వేళ్ళు తట్టి వంతు వదిలెయ్యండి.