బాలిగ్ అయితే సరిపోతుందా?



"అబ్ తూ బడా హోగయా." ఈ మాట జిందగీలో చాలాసార్లు విన్నాను. కరీంనగర్‌లో ఉర్దూ మీడియం బడిలో పదో తరగతి పాసైనప్పుడు మామూ అన్నాడు. మొదటిసారి ఓటేసి వేలి మీద సిరా చూపిస్తే దాదీ అన్నది. ఆదిలాబాద్‌లో రిపోర్టర్‌గా చేరి మొదటి తన్‌ఖా చేతిలో పెట్టినప్పుడు అమ్మీ కళ్లు తుడుచుకుంటూ అన్నది. నికా రోజు సరేసరి, షాదీఖానాలో ఎవరు గలే మిలినా అదే మాట. ప్రతిసారీ నిజమే అనుకున్నాను. నలభై దాటాక, అబ్బా ఇంతెకాల్ అయ్యాక తెలిసింది, అప్పటిదాకా నా వయసు పెరిగిందే తప్ప నేను పెరగలేదని.

చాలీస్వా అయిన వారానికి అమ్మీ ఇనుప సందూక్ తాళంచెవి నా చేతిలో పెట్టింది. "ఇక నువ్వే చూసుకో బేటా" అన్నది. లోపల ఇంటి కాయితాలు, పాత కరెంటు బిల్లులు, అబ్బా ఉర్దూలో రాసుకున్న హిసాబ్-కితాబ్. తెలిసినాయన ఒకరు సలహా ఇచ్చారు: "ఆపా, చోటీ ఇద్దరితో సంతకాలు పెట్టించుకో. రేపు పంచాయితీ ఉండదు." నాకూ సబబే అనిపించింది. హక్కు విడుదల పత్రం టైపు చేయించాను. తమ్ముడు రియాద్‌లో ఉంటాడు, ఫోన్‌లో "మీ ఇష్టం భాయ్" అన్నాడు.

నిర్మల్ నుంచి ఆపా, జగిత్యాల నుంచి చోటీ వచ్చారు. ఆపా చదవకుండానే సంతకం పెట్టింది. చోటీ పెన్ను పట్టుకుని నా వైపు చూసి, మెల్లగా అడిగింది: "రంజాన్‌కి పిలుస్తావు కదా భాయ్?"

కాయితంలో 'ఇష్టపూర్వకంగా' అని రెండు చోట్ల రాసి ఉంది. తెలుగులో డిగ్రీ చేసినోణ్ణి, ఆ మాటకు అర్థం నాకు బాగానే తెలుసు. నా చెల్లె అడిగినదాంట్లో ఇష్టం లేదు. హిస్సా అడిగితే మైకా తలుపు మూసుకుంటుందన్న డర్ ఉంది. ఆ డర్ మీద నేను స్టాంపు వేయించుకోబోతున్నాను. ఆ కాయితం మడిచి మళ్లీ సందూక్‌లో పెట్టేశాను.

ఇది నా ఒక్కడి ఇంటి ముచ్చట కాదు కాబట్టే రాస్తున్నాను. జల్సాల్లో మైకు ముందు మనం ఫఖ్ర్‌గా చెప్పుకునే మాట ఏమిటి? ఆడపిల్లకు ఆస్తిలో హక్కు పధ్నాలుగు వందల ఏళ్ల కిందే ఇస్లాం ఇచ్చిందని. బిల్‌కుల్ నిజం. దేశంలో 1937 షరియత్ చట్టం కూడా విరాసత్‌లో మనకు షరియత్‌నే ఖాయం చేసింది. మన పక్కింటి హిందూ ఆడబిడ్డలకు ఉమ్మడి ఆస్తిలో కొడుకులతో సమానంగా హక్కు ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఎన్టీఆర్ హయాంలో, దేశమంతటా 2005లో వచ్చింది. ముందు వచ్చిందని మనం గొప్ప చెప్పుకుంటాం. వచ్చినదాన్ని 'మాఫ్' అనే ఒక్క మాటతో వెనక్కి తీసేసుకుంటాం.

సూరా నిసాలో ఆరో ఆయత్, ఏడో ఆయత్ పక్కపక్కనే ఉంటాయి. ఆరో ఆయత్ యతీమ్ పిల్లల మాల్ గురించి. వాళ్లు నికా వయసుకు రావడం ఒక్కటే చాలదు, వాళ్లలో రుష్ద్, అంటే మంచిచెడు తెలిసిన సమఝ్ కనిపించాకే వాళ్ల మాల్ వాళ్లకు అప్పగించమంటుంది. ఆ వెంటనే ఏడో ఆయత్, తల్లిదండ్రులు వదిలివెళ్లినదాంట్లో మగవాళ్లకూ ఆడవాళ్లకూ హిస్సా ఉందంటుంది, అది కొంచెమైనా ఎక్కువైనా సరే. ఎన్నోసార్లు తిలావత్ చేశాను. ఈ రెండూ కలిపి ఎప్పుడూ ఆలోచించలేదు. బాలిగ్ కావడం ఒంటికి దానంతటదే జరిగేది. సర్కారు లెక్కలో పద్దెనిమిది నిండితే మేజర్. రుష్ద్ మాత్రం పరాయి హక్కు మన చేతికి వచ్చిన రోజున గానీ బయటపడదు.

హిసాబ్ ఏమంత ముష్కిల్ కాదు. మిసాల్‌కి ఇంటి విలువ 48 లక్షలనుకుందాం. కఫన్-దఫన్ ఖర్చు, అప్పులు, అమ్మీ మెహర్ బాకీ, వసీయత్ ఉంటే మూడో వంతు దాటకుండా అదీ తీసేశాక మిగిలిందే ఇది. దాదా, దాదీ ముందే గుజరిపోయి ఉంటే అమ్మీకి ఎనిమిదో వంతు, 6 లక్షలు. మిగిలిన 42 లక్షల్లో ఇద్దరు కొడుకులకు చెరి 14, ఇద్దరు బిడ్డలకు చెరి 7. ఐదో తరగతి పిల్లవాడు చేసే లెక్క. మనకు కష్టమయ్యేది చేయి తెరవడం దగ్గరే.

"షాదీకి అంత ఖర్చు చేశాం, జహేజ్ ఇచ్చాం కదా" అంటారు. అబ్బా హయాత్‌లో ఇష్టంగా ఇచ్చింది తోఫా. విరాసత్ మౌత్ తర్వాత మొదలవుతుంది. ఒకదాన్ని ఇంకోదాంట్లో కలపడానికి లేదు. పైగా ఖర్చే లెక్కయితే మన వలీమా దావత్ ఎవరి హిస్సాలోంచి కోయాలి?

"వాళ్లే మాఫ్ చేశారు" అంటారు. ఉలేమా చాలామంది చెప్పే తరీఖా ఒకటుంది: ముందు హిస్సా ఆమె చేతికి ఇవ్వు. తర్వాత ఖుషీగా తిరిగి ఇస్తే తీసుకో. ఇలా చేసి చూడండి, ఎంతమంది తిరిగి ఇస్తారో.

ఇంకో చిక్కు ఉంది, అది అసలైనది. మన జిల్లాల్లో ఎన్నో ఇళ్లకు పైఅంతస్తు గల్ఫ్ పైసలతో లేచింది. మా తమ్ముడు పంపిందీ అబ్బా పేరు మీది ఇంట్లోనే కలిసింది. అది అబ్బాకు ఇచ్చిన అప్పా, తోఫానా? ఎక్కడా రాసుకోలేదు. ఇప్పుడు అడిగితే తమ్ముడికి బాధ, అడగకపోతే చెల్లెళ్లకు అనుమానం. ఖురాన్‌లో అన్నిటికంటే పొడవైన ఆయత్ సూరా బఖరాలో ఉంది. అది అప్పు కాయితం మీద రాసుకోమని చెప్పేదే. ఇంట్లోవాళ్ల మధ్య రాతకోతలేంటి అనే షరమ్ మనల్ని ఎక్కడికి తెచ్చిందో చూడండి. పెద్దవాళ్లు బతికుండగానే కూర్చుని ఎవరి పైసలు ఎందులో ఉన్నాయో రాయించండి.

మేమేం చేశామంటే, తమ్ముడు సెలవు మీద వచ్చినప్పుడు అమ్మీ ముందు ఐదుగురం కూర్చున్నాం. పైఅంతస్తు ఖర్చు పక్కన పెట్టి మిగిలింది పంచాం. ఇల్లు అమ్మలేదు. ఆపా, చోటీల హిస్సా కిస్తుల్లో ఇస్తామని రాసి మేమిద్దరం దస్తఖత్ చేశాం. ఇంకా బాకీ ఉంది. జర్నలిస్టు తన్‌ఖా సంగతి మీకు తెలియనిది కాదు. ఒక్కో నెల మా బేగం ముఖం చిన్నబోతుంది కూడా. కానీ మొదటి కిస్తు తీసుకున్న నెలలో చోటీ ఫోన్ చేసి, "ఈసారి రంజాన్‌కి మీరంతా మా ఇంటికి రండి భాయ్" అన్నది. పిలుస్తావా అని అడగలేదు.

మీ ఇంట్లో కూడా ఒక సందూక్ ఉంటుంది. తాళంచెవి మీ చేతికొచ్చిన రోజు ఆపాను, చెల్లెను ఎదురుగా కూర్చోబెట్టుకుని తెరవండి. మా బాకీ తొందరగా తీరాలని దువాలో యాద్ చేసుకోండి.