కడుపు నిండితే చాలదు

పేదవాని ఇంట పొయ్యి వెలగని రోజులు మన తల్లిదండ్రులకు తెలుసు. 1983లో కిలో రెండు రూపాయల బియ్యం వచ్చాయి. 2013లో ఆహార భద్రత చట్టం వచ్చింది. ఈనాడు చాలా ఇళ్లలో అన్నానికి లోటు లేదు. అందుకు దేవునికి స్తోత్రం. అయితే ఆ అన్నంలోకి ఏముంది? పలచటి చారు, పచ్చడి. పప్పు, గుడ్డు, పాలు, ఆకుకూర వారానికి ఎన్నిసార్లు పళ్లెంలోకి వస్తున్నాయి?

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం అయిదేళ్లలోపు పిల్లల్లో వయసుకు తగిన ఎత్తు లేనివారు ఆంధ్రప్రదేశ్‌లో 31.2 శాతం, తెలంగాణలో 33.1 శాతం. తెలంగాణలో అంతకుముందు సర్వేలో ఇది 28 శాతమే. తగ్గవలసింది పెరిగింది. రెండు రాష్ట్రాల్లోనూ సగానికి పైగా స్త్రీలకు రక్తహీనత ఉంది.

"మా వంశమే పొట్టి" అని సరిపెట్టుకోవడం మనకు అలవాటు. కాని ఎత్తు పైకి కనిపించే గుర్తు మాత్రమే. గర్భంలో పడిన నాటి నుండి రెండేళ్లు నిండేవరకు ఉన్న వెయ్యి రోజుల్లో మెదడు వేగంగా ఎదుగుతుంది. అప్పుడు పోషణ కరువైతే బిడ్డ చదువులో వెనుకబడవచ్చు, పెద్దయ్యాక సంపాదన తగ్గవచ్చు, చక్కెర వ్యాధి, గుండెజబ్బుల ముప్పు పెరుగుతుంది. ఆ బిడ్డ ఆడపిల్లయితే, బలహీనంగానే తల్లయితే, తక్కువ బరువు బిడ్డను కనే అవకాశం ఎక్కువ. పేదరికం ఇలా రక్తంలోనే వారసత్వంగా దిగుతుంది.

దీన్ని ఆపవచ్చని మన నేలమీదే తెలిసింది. 1987-90 మధ్య హైదరాబాదు సమీపంలోని కొన్ని గ్రామాల్లో గర్భిణులకు, ఆరేళ్లలోపు పిల్లలకు అంగన్‌వాడీ ద్వారా ఉప్మా పెట్టారు. అక్కడ పుట్టిన పిల్లలను 13-18 ఏళ్ల వయసులో పరీక్షిస్తే, ఆ భోజనం అందని గ్రామాల పిల్లలకంటే సగటున 14 మిల్లీమీటర్లు ఎత్తున్నారు. అంతకంటే ముఖ్యంగా, వారి రక్తనాళాలు మృదువుగా ఉన్నాయి, ఇన్సులిన్ మెరుగ్గా పనిచేస్తోంది. తల్లికి పెట్టిన ముద్ద పదిహేనేళ్ల తరువాత బిడ్డ గుండెలో కనిపించింది.

క్రిస్మస్‌కు బియ్యం సంచులు, బిర్యానీ విందు మంచివే. కాని ఒక్కరోజు విందు వెయ్యి రోజుల లోటు తీర్చదు. మన సంఘంలో గర్భిణులెవరు? వారి పేర్లు అంగన్‌వాడీలో ఉన్నాయా? అక్కడిచ్చే గుడ్డు, పాలు ఆమే తింటోందా, ఇంటిల్లిపాదికీ పంచుతోందా? స్త్రీల సమాజం నెలకోసారి ఇల్లిల్లూ తిరిగి ఈ సంగతులు కనుక్కోవచ్చు. సరుకు సరిగా రాకపోతే సంఘ పెద్దలు వెళ్లి అడగాలి. అది భిక్ష కాదు, చట్టం ఇచ్చిన హక్కు.

కాపరులు పురుషులకు చెప్పవలసిన మాట కూడా ఒకటుంది. అందరూ తిన్నాక అడుగున మిగిలింది ఇల్లాలు తినే ఆచారం మన క్రైస్తవ గృహాల్లోనూ ఉంది. గర్భిణి ముందు తినాలి. పద్దెనిమిదేళ్లు నిండని పిల్లకు పెళ్లి చేయకూడదు.

యాయీరు కుమార్తెను లేపిన ప్రభువు వెంటనే ఆమెకు తినడానికి ఏదైనా పెట్టమన్నాడు. బిడ్డ బ్రతికింది చాలు అనుకోలేదు. మనమూ అలా అనుకోకూడదు.