హృదయశుద్ధి ఎవరి బాధ్యత?

పరస్త్రీని మోహంతో చూసినవాడు మనస్సులో అప్పుడే వ్యభిచరించినట్టని మత్తయి సువార్త అయిదవ అధ్యాయంలో యేసు బోధ. నేను క్రైస్తవుణ్ణి కాను. అయినా ఆ బోధలోని నిక్కచ్చితనాన్ని కాదనలేను. తప్పు స్త్రీ రూపంలో లేదు, పురుషుడి చూపులో వుందని గదా దాని అర్థం!

మరి ఆ సువార్తను నెత్తిన పెట్టుకున్నామన్న తెల్లదొరలు మన దేశపు క్రైస్తవులకు యిచ్చిన చట్టమేమిటి? 1869 నాటి విడాకుల చట్టం. భార్య వ్యభిచారం రుజువైతే చాలు, భర్తకు విడాకులు దొరికేవి. భర్త వ్యభిచారం రుజువైనా భార్యకు చాలదు. దానికి తోడు క్రూరత్వమో, రెండేళ్లు విడిచిపెట్టడమో, అలాంటి మరొకటో చూపాలి. పైగా భార్యతో కూడినవాడి నుంచి భర్త నష్టపరిహారం అడగవచ్చు, చేలో పశువు పడితే అడిగినట్టు! నష్టపోయింది హృదయశుద్ధా, సొత్తా?

ఇంగ్లండు తన స్త్రీల విషయంలో యీ భేదాన్ని 1923లో తొలగించింది. మన దగ్గర అది 2001 దాకా బతికింది. "మత విషయం, తొందర కూడదు" అనేవారిని ఒక్కటే అడుగుతాను: యీ రెండు కొలతలు యే సువార్తలో వున్నాయి?

చట్టం మారిందిగా, యింకా గొడవెందుకంటారా? చర్చిలో వధూవరులిద్దరూ నమ్మకంగా వుంటామని మాట యిస్తారు. శీలం లెక్క మాత్రం లోకం యిప్పటికీ ఆమెనే అడుగుతుంది. హృదయశుద్ధి బోధించేవారు పురుషుడి చూపు దగ్గర మొదలుపెట్టాలి. ఆ మాట చెప్పినాయన వేలు చూపింది అటే.