వేదిక లేని విజ్ఞానగోష్ఠి

1684వ సంవత్సరము జనవరి మాసమున లండను నగరమునందు క్రిస్టఫర్ రెన్, రాబర్ట్ హుక్, ఎడ్మండ్ హాలీ అను మువ్వురు మిత్రులు మాటలాడుకొనుచు, సూర్యుని ఆకర్షణము దూరముయొక్క వర్గమునకు విలోమానుపాతమున తగ్గుచుండునేని గ్రహములు ఏ ఆకృతిగల కక్ష్యలో తిరుగవలయునను వివాదమునకు దిగిరి. ఉపపత్తి తనకు తెలియుననియు, ఇతరులు ప్రయత్నించి విఫలులైన పిదపగాని దాని విలువ తెలియదు గనుక అంతవరకు వెల్లడింపననియు హుక్ బిగిసికొని కూర్చుండెను; రెండు నెలలలోపల నిరూపించి తెచ్చినవానికి నలువది షిల్లింగుల వెలగల పుస్తకము నిత్తునని రెన్ పందెమొడ్డెను; గడువు తీరినదిగాని పుస్తకము ఎవ్వరికిని దక్కలేదు. ఆ యేటి ఆగస్టులో హాలీ కేంబ్రిడ్జికి పోయి న్యూటనును అడుగగా, ఆయన తడుముకొనక దీర్ఘవృత్తమని చెప్పి, లెక్క వ్రాసిన కాగితము మాత్రము కనబడుటలేదనెను. ఆ కాగితమును తిరిగి వ్రాయింపబూనిన హాలీ పట్టుదలవలననే, 1687లో, హాలీ సొంత సొమ్ముతోనే న్యూటను ‘ప్రిన్సిపియా’ గ్రంథము వెలువడినది. ఇంతకును మూలమైన ఆ సంభాషణకు అధ్యక్షుడు లేడు, ఆహ్వానపత్రము లేదు, వందనసమర్పణము అసలే లేదు.

శాస్త్రజ్ఞానము ప్రయోగశాలలయందు పెరుగునుగాక. దానికి ముందుండవలసిన కుతూహలము మాత్రము, సమానాభిరుచిగల నలుగురు తీరికవేళ గుమిగూడి, ఒకరిమాటకు మరియొకరు అడ్డుతగులుచు, తెలియనిదానిని తెలియదని సిగ్గుపడక ఒప్పుకొనుచు మాటలాడుకొనుచోటనే పెంపొందును. మన తెలుగునాట విజ్ఞానోపన్యాసములకు కొదువలేదు. జాతీయ విజ్ఞానదినమని ఫిబ్రవరి 28వ తేదీని కళాశాలలయందు ఏటేట అవి జరుగుచునే యున్నవి. శ్రోత నోరు మెదపుటకు తావీయని ఉపన్యాసములు ఎన్ని జరిగినను ఊరికి ఒరుగునది స్వల్పమని నా అభిప్రాయము.

ఇంగ్లండునందలి లీడ్సు నగరమున డంకన్ డల్లాస్ అను టెలివిజను నిర్మాత యుండెను. పారిస్ నగరపు కాఫీహోటలులో 1992లో తత్త్వగోష్ఠులను ఆరంభించిన మార్క్ సోటే అను పండితుని మరణవార్తను పత్రికలో చదివి, తత్త్వమునకు చెల్లిన పద్ధతి విజ్ఞానమునకేల చెల్లదని తలపోసి, డల్లాస్ 1998లో ‘కెఫే సైంటిఫీక్’ అను గోష్ఠిని స్థాపించెను. అందలి మర్యాద మిక్కిలి సరళమైనది: వక్త ఇరువది నిమిషములు మాటలాడి ఊరకుండవలెను, పిమ్మట పానీయములు నింపుకొనుటకు విరామము, ఆమీద గంటసేపు ప్రశ్నలు, ప్రతిప్రశ్నలు. ఈ విరామమునందే కిటుకంతయు నున్నది. నలుగురిలో లేచి అడుగుటకు జంకువాడు, తన సందేహమును మొదట ప్రక్కవానితో మెల్లగా ముచ్చటించి, అది మరీ వెర్రిప్రశ్న కాదని నిశ్చయించుకొని, రెండవ భాగమున ధైర్యముతో లేచును. ఐదేండ్లకు, 2003లో, అమెరికాలోని బోస్టనునందు, పరుల గూళ్లలో గుడ్లు పెట్టు ఆఫ్రికా పక్షులపై పరిశోధన చేయుచున్న క్రిస్ బాలకృష్ణన్ అను విద్యార్థి, తాను నిత్యము పోవు మిడ్‌వే కెఫేలోనే తన పని యెట్టిదో బొమ్మలతో వివరించుటతో ‘నెర్డ్ నైట్’ అను వేడుక మొదలై, క్రమముగా ఎన్నో నగరములకు ప్రాకినది. మన దేశమునందును ముంబయిలోని టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫండమెంటల్ రీసెర్చి శాస్త్రజ్ఞులు 2009 నుండి జుహూలోని పృథ్వీ థియేటరున ‘చాయ్ అండ్ వై’ అను పేర ఆదివారపు గోష్ఠులు నడపుచున్నారు. మద్యము స్థానమున చాయ్ వచ్చినది, తక్కినదంతయు యథాతథము.

మన సభలమాట వేరు. కొన్ని యేండ్లక్రిందట ఒక జిల్లాకేంద్రమునందు భూగర్భజలములనుగూర్చి ప్రసంగమున్నదని తెలిసి పోయితిని. ఐదు గంటలకన్న సభ ఆరుంబావుకు మొదలైనది. జ్యోతిప్రజ్వలనము, ప్రార్థన, వేదికనలంకరింపవలసినదిగా ఒక్కొక్కరికి పిలుపు, పుష్పగుచ్ఛములు, సన్మానపత్రపఠనము, శాలువాలు, శాలువాలు కప్పినప్పుడెల్ల ఫొటో సరిగా రాలేదని తిరిగి కప్పుట — ఇవన్నియు ముగియునప్పటికి ముందువరుసవారు వాచీలు చూచుకొనుచుండిరి. భూగర్భశాస్త్రజ్ఞుడు పాపము పట్టుమని పావుగంట మాటలాడకమునుపే నిర్వాహకులలో ఒకరు ‘త్వరగా ముగింపగలరు’ అను చీటీని ఆయన ముందుంచిరి. సమయాభావముచేత ప్రశ్నలు లేవని ప్రకటింపబడెను. ఐనను ఆయన ఆటోకొరకు మెట్లమీద నిలుచుండగా, ఒక వృద్ధరైతు చేరవచ్చి, ‘అయ్యా, మా బోరు ఎండిపోయినది, ముప్పది అడుగుల అవతలనున్న మా తమ్ముని బోరు మాత్రము పోయుచునే యున్నది, ఇదేమి న్యాయము?’ అని అడిగెను. శాస్త్రజ్ఞుడు మెట్టుమీద చతికిలబడి, అక్కడి దుమ్ములోనే తాళపుచెవితో గీతలు గీచి, మన దక్కను నల్లరాతి నేలలయందు నీరు ఇసుకలోవలె అంతట పరచుకొనియుండదనియు, రాతిపగుళ్లలో మాత్రమే నిలుచుననియు, తమ్ముని బోరు పగులును తాకినదనియు, అన్నది తాకలేదనియు చూపెను. ‘మరి ఆ పగులులో నీరు ఎంతకాలముండును?’ అని వేరొకడు. ‘వానకాలమున దానిలోనికి నీరు ఏ దారిని దిగును?’ అని మరియొకడు. చూచుచుండగానే పదిపదునేనుగురు చుట్టును మూగిరి. లోపల గంటన్నరలో జరుగని సభ మెట్లమీద ఇరువది నిమిషములలో జరిగిపోయినది. ఆటోవాడుకూడ ఇంజను ఆపి వినెను.

ప్రశ్నయనిన తెలుగువానికి బెదురని ఎవ్వరైన అనినచో నేనొప్పుకొనను. ప్రశ్నించుటయే వినోదముగా, అడుగువానిని పృచ్ఛకుడని గౌరవించి పీట వేసి కూర్చుండబెట్టు అవధానవిద్య ప్రపంచమున మనకుగాక మరెవ్వరికి ఇంతగా అబ్బినది? అందులోను అప్రస్తుతప్రసంగమను ఒక అంశమున్నది. అవధాని ఏకాగ్రతను చెదరగొట్టుటకై, పొంతనలేని మాటలతో మధ్యమధ్య కొంటెగా అడ్డుతగులుటయే ఆ పృచ్ఛకుని పని. సభ నవ్వునది అతనివలననే, నిద్రపోకుండునది అతనివలననే. విజ్ఞానగోష్ఠికి ఇట్టి అప్రస్తుతప్రసంగి ఒకడు దొరకినచో సగము పని యైనట్లే.

ఇక గోష్ఠికి విషయములు వెదకుటకు దూరము పోనక్కరలేదు; గుంటూరునే తీసికొందము. 1868 ఆగస్టు 18వ తేదీని సంభవించిన సంపూర్ణసూర్యగ్రహణమును చూచుటకై ఫ్రాన్సుదేశమునుండి జూల్స్ జాన్సెన్ అను ఖగోళజ్ఞుడు ఆ పట్టణమునకు వచ్చి, సూర్యుని అంచున ఎగయు జ్వాలలను వర్ణపటదర్శినితో పరీక్షించి, వాని రేఖల తేజస్సు చూచి ఇవి గ్రహణము లేనప్పుడును కనబడవలెనని ఊహించి, మరునాడే చూడగలిగెను. మచిలీపట్టణమున అదే గ్రహణమును గమనించిన మద్రాసు వేధశాలాధిపతి పోగ్సను, ఒక పసుపుపచ్చని రేఖ సోడియముదానికి సరిగా సరిపడలేదని గుర్తించెను. ఆ రేఖకు కారణమైన హీలియము భూమిమీద దొరకుట 1895లోగాని జరుగలేదు. అదే గ్రహణమును వనపర్తినుండి చూచినవాడు మద్రాసు వేధశాలలో పనిచేసిన చింతామణి రఘునాథాచారి. ఆయన 1874నాటి శుక్రసంక్రమణమును జనసామాన్యమునకు తెలుపుటకై వ్రాసిన చిన్నపుస్తకమును సిద్ధాంతితో సంభాషణరూపమున నడపుట గమనింపదగినది. ఆ శుక్రసంక్రమణమునే విశాఖపట్టణమున, గోడే జగ్గారావుగారు 1840లో డాబాగార్డెన్సునందు నెలకొల్పిన సొంత వేధశాలనుండి అంకితం వెంకట నరసింగరావుగారు పరిశీలించిరి. ఇంత జరిగిన నేలమీద నివసించు పిల్లలకు ఇందులో ఒక్క ముక్కయు తెలియకపోవుట ఎవరి తప్పని విచారించుటకంటె, ఊరిలోనే ఒక సాయంకాలము ఈ కథ చెప్పువాని నొకనిని కూర్చుండబెట్టుట మేలు.

గుంటూరున గ్రహణముకంటెను జనమును లాగునది మిరపకాయయే. మొదటి గోష్ఠి నేను ఏర్పరుపవలసివచ్చినచో లాం ఫారమున మిరపవంగడములపై పనిచేయు శాస్త్రజ్ఞు నొకరిని పిలిచి, కారము గింజలో ఉన్నదా, తోలులో ఉన్నదా అని ముందుగా సభనే అడుగుదును. గింజలోననియే చాలమంది చెప్పుదురు. గింజలంటియుండు లోపలి తెల్లనిపొరయందే అది అధికముగా నున్నదని తెలిసి ఇంటివద్ద మిరపకాయలు తొడిమలు తీయు స్త్రీలు వాదమునకు దిగక మానరు. కారమునకు మూలమైన కాప్సైసిన్ నాలుకపై వేడిని పసిగట్టు గ్రాహకమునే తట్టి లేపుననియు, అందువలననే అది మంటయని తోచుననియు, ఆ గ్రాహకమును కనిపెట్టిన డేవిడ్ జూలియసునకు 2021లో నోబెలు బహుమానములో భాగము లభించినదనియు వక్త చెప్పును. నీటిలో కరుగని ఆ పదార్థమును నీళ్లు కడుగజాలవనియు, పాలయందలి కేసీను కడుగుననియు వినగానే, ఆవకాయ అన్నము తరువాత మజ్జిగ యేల అని ఒకరు తమకుతాము ఉత్తరము చెప్పుకొందురు.

అప్పుడు మన అప్రస్తుతప్రసంగి లేచును: ‘మరి చిలుక?’ పూర్వము పంజరములో పెంచిన చిలుకకు (నేడు చట్టము నిషేధించినది) పచ్చిమిరపకాయ పెట్టని ఇల్లెక్కడ? పక్షుల గ్రాహకమునకు కాప్సైసిన్ సోకదనియు, గింజలను కొరికి నమలు క్షీరదములను దూరముగా నుంచి, మ్రింగి దూరముగా విసర్జించు పక్షులను రప్పించుకొనుటకే మిరప ఈ ఉపాయము పన్నినదని అరిజోనాలో అడవిమిరపలపై పరిశోధించినవారు 2001లో చూపిరనియు వక్త సంతోషముతో ఉత్తరమిచ్చును. ‘చిలుక గింజను మ్రింగదుగదా, ముక్కుతో పొడిచేయునుగదా, దానికి పెట్టిన కాయవలన మిరపకు లాభమేమి?’ అని ప్రసంగి తిరిగి అడుగును. ఇక్కడ వక్త నవ్వి, అరిజోనాలో చూచినది చిలుకను కాదనియు, గింజలను చెడగొట్టని వేరొక పిట్టననియు, అన్ని పక్షులు చెట్టుకు మిత్రులు కావనియు సవరించుకొనవలసివచ్చును. సిద్ధాంతమునకు హద్దెక్కడనో సభయంతయు కన్నులార చూచు క్షణమది. అరువది తెరబొమ్మల ఉపన్యాసమున ఇది జరుగదు.

ఇట్టి గోష్ఠులవలన శాస్త్రము చులకనయగునని కొందరు ఆచార్యులు శంకింతురు. లండనులోని రాయల్ ఇన్‌స్టిట్యూషనునందు బాలబాలికలకు క్రొవ్వొత్తినిగూర్చి వరుసగా ఉపన్యసించిన ఫారడే విద్యుత్ శాస్త్రమును తక్కువచేసినాడని ఎవ్వరును వినియుండలేదు. రెండవ శంక బరువైనది: నోరు తెరచినవాని కెల్ల మాటలాడ హక్కుండినచో, పురాణములలో విమానములున్నవనియు, గ్రహణమునాడు వండిన అన్నము విషమగుననియు చెప్పువారు సభకు ఎగబడి రారా? వత్తురు. రానిండు. 1980 ఫిబ్రవరి 16వ తేదీని సంపూర్ణగ్రహణపు నీడ మన తెలుగునేలమీదుగనే సాగి, ఉస్మానియా విశ్వవిద్యాలయపు జపాల్-రంగాపూర్ వేధశాలయందు శాస్త్రజ్ఞులు దుర్భిణులు బిగించుకొని నిలుచుండగా, చుట్టుప్రక్కల ఎన్నో ఇండ్లు తలుపులు బిడాయించుకొనెను. ఆ తలుపులవెనుకనున్నవారికి కరపత్రములు చాలలేదు. ఎదురుగా కూర్చుండి వారి భయమును వెక్కిరింపక విని, కన్నుకు కలుగు అసలు ప్రమాదమేదో, కానిదేదో విడమరచి చెప్పు మనిషి కావలసియుండెను.

భాష తెలుగే కావలెను. హైదరాబాదు ప్రయోగశాలలలోని మనవారు తెలుగున చెప్పుమనిన ‘పారిభాషికపదములు లేవే’ అని వెనుదీయుదురు. డీఎన్‌ఏను డీఎన్‌ఏ అనియే అనవచ్చును. బ్యాక్టీరియాకు సంస్కృతము వెదకనక్కరలేదు. క్రియాపదములు తెలుగువైనచో చాలును, వినువారు నామవాచకములను సర్దుకొందురు.

చోటు కొరకు వెదకనక్కరలేదు. 1906లో విజ్ఞానచంద్రికామండలిని స్థాపించి శాస్త్రగ్రంథములను తెలుగున అచ్చొత్తించిన కొమర్రాజు లక్ష్మణరావుగారి తరమును, పడవలపై పుస్తకములు వేసికొని కాలువగట్ల పల్లెలకు చేర్చిన గ్రంథాలయోద్యమకారుల తరమును మనకొక ఆస్తి విడిచిపోయినవి. 1960నాటి గ్రంథాలయచట్టము ననుసరించి మనము కట్టు ఇంటిపన్నులో రూపాయికి ఎనిమిది పైసలు గ్రంథాలయముల పేరనే వసూలగుచున్నవి. ఆ భవనములలో నేడు పోటీపరీక్షలకు చదువు యువకులు తెల్లవారినది మొదలు కిక్కిరిసి కూర్చుందురు; నాలుగింటిలో సరియైన ఒక్క సమాధానమును గుర్తించుటలో వారికి గల నేర్పు అపారము. సమాధానమే లేని ప్రశ్న నొకదానిని వారి చెవిని వేసినందువలన ఉద్యోగములకు భంగము కలుగదు.

ఇక వేళ. పాశ్చాత్యులు ఈ గోష్ఠులను రాత్రివేళ పానశాలలలో జరుపుకొందురు. మనము దానిని అనుకరించినచో ఏడుగంటలకు తలుపులు మూయు వసతిగృహములలోని ఆడపిల్లలును, వంటపని విడిచి రాలేని ఇల్లాండ్రును, చివరి బస్సు పట్టుకొనవలసిన పల్లెవారును రాజాలరు. వచ్చువారు ఎప్పుడును వచ్చు మగవారే. ముంబయివారివలె ఆదివారము పదకొండుగంటలకు పెట్టుట ఉత్తమము. ఆ వేళ మన ఊళ్లలో సగము మంది మాంసపు దుకాణముల యెదుట వరుసలో నిలుచుందురని ఒక మిత్రుడు ఆక్షేపించెను. ఆ ఆక్షేపణలో సత్యము లేకపోలేదు గనుక, పదకొండున్నరకు మొదలుపెట్టి, ఒంటిగంట కొట్టకముందే అందరిని భోజనములకు పంపివేయవలెను.