పరీక్షకూ ఒక గడువుంది

ఎయిడ్స్ పేరెత్తితే గ్రామసీమల్లో ఇప్పటికీ గుసగుసలే. రోగి తాగిన గ్లాసును విడిగా పెట్టే ఇళ్లున్నాయి. దోమ కుట్టినా వస్తుందేమోనని అడిగేవారున్నారు. దోమ వల్ల రాదు. ఒకే కంచంలో తిన్నా, ఒకే చెరువులో మునిగినా, రోగిని ముట్టుకుని సేవ చేసినా రాదు. రక్షణ లేని లైంగిక సంబంధం, పరీక్షించని రక్తం, ఒకరికి వాడిన సూది మరొకరికి గుచ్చడం, తల్లి నుంచి బిడ్డకు సంక్రమించడం, హెచ్‌ఐవి వచ్చే దారులు ముఖ్యంగా ఇవే.

చిత్రమేమంటే, భయపడనక్కరలేని చోట భయపడే జనం సూది విషయంలో మాత్రం నిశ్చింతగా ఉంటారు. ఒళ్లు నొప్పులని ఆరెంపీ దగ్గరకు వెళ్లి "ఒక సూది వేయండి" అని అడిగి మరీ వేయించుకుంటారు. ఆ సూది కొత్తదా, పాతదా అని అడిగేవారేరీ? ఉత్తరప్రదేశ్‌లోని ఉన్నావ్ జిల్లా బంగార్‌మవులో 2018లో పదుల సంఖ్యలో జనానికి హెచ్‌ఐవి సోకినట్టు బయటపడింది. ఊళ్లు తిరుగుతూ ఒకే సిరంజితో సూదులు వేసిన ఒక నకిలీ వైద్యుడే కారణమని అప్పట్లో ఆరోపణలు వచ్చాయి. కాబట్టి కళ్లముందే కొత్త ప్యాకెట్ విప్పమనడానికి మొహమాటపడరాదు.

ఇక అనుమానం వచ్చినవారి సంగతి. తప్పటడుగు వేసినవాడు మర్నాడే బస్సెక్కి పట్నంలోని ల్యాబులో రక్తమిస్తాడు. "లేదు" అని కాగితం రాగానే గండం గడిచిందనుకుంటాడు. మరొకడు ఏళ్ల తరబడి పరీక్ష జోలికే పోడు. ఇద్దరివీ పొరపాట్లే. వైరస్ ఒంట్లో చేరిన వెంటనే పరీక్షలో కనబడదు. పెద్ద ల్యాబుల్లో చేసే కొత్తరకం పరీక్షకు సుమారు 45 రోజులు, మామూలు త్వరిత పరీక్షకు 90 రోజులు గడిస్తేనే "లేదు" అన్న మాటను నమ్మవచ్చు. ఈలోగా కండోమ్ తప్పనిసరి. రక్తదానం చేయరాదు.

అయితే మొదటి మూడు రోజుల్లో చేయవలసింది వేరే ఉంది. ప్రమాదం జరిగిన 72 గంటల్లోగా పెద్దాసుపత్రికి వెళ్లాలి. డాక్టరు అవసరమనుకుంటే 28 రోజులు వాడే నివారణ మందు ఇస్తారు. ఎంత త్వరగా మొదలుపెడితే అంత మేలు. అత్యాచారానికి గురైన స్త్రీలకు, ఆసుపత్రిలో సూది గుచ్చుకున్న సిబ్బందికి ఈ సంగతి మరీ ముఖ్యం. ఈ గడువు మన పల్లెల్లో ఎందరికి తెలుసు?

పరీక్ష ప్రభుత్వాసుపత్రుల్లోని ఐసిటిసి కేంద్రాల్లో ఉచితం. సందేహాలకు 1097 నంబరుకు డబ్బు లేకుండానే ఫోను చేయవచ్చు. ఉందని తేలినా చావుకబురేమీ కాదు. 2004 నుంచి ప్రభుత్వం మందులు ఉచితంగా ఇస్తున్నది. మందు క్రమం తప్పక వాడి, రక్తంలో వైరస్ పరీక్షకు అందనంతగా తగ్గి అలాగే ఉన్నవారి నుంచి లైంగికంగా ఇతరులకు సోకదని వైద్యశాస్త్రం రుజువు చేసింది. గర్భిణి మొదట్లోనే పరీక్ష చేయించుకుంటే బిడ్డను కాపాడుకునే అవకాశం బాగా ఎక్కువ.

జనం వెనుకాడేది రోగానికన్నా పరువుకే. 2018 సెప్టెంబరు 10న అమలులోకి వచ్చిన చట్టం ప్రకారం మనిషి ఒప్పుకోలు లేకుండా పరీక్ష చేయరాదు, ఫలితం బయటపెట్టరాదు. చట్టం అలా ఉండగా, కొన్నిచోట్ల పరీక్ష గది ముందు వరండాలో అందరూ వినేలా పేరు పెట్టి పిలవడం శోచనీయం. పక్క ఊరివాడు అదే బెంచీపై కూర్చుని ఉంటే ఎవరు లేచి లోపలికి వెళతారు? జిల్లా వైద్యాధికారులు ఈ పద్ధతి మాన్పించి, పేరుకు బదులు చీటీ నంబరుతో పిలిపించాలి. 72 గంటల సంగతీ, 90 రోజుల సంగతీ తెలుగులో రాసిన బోర్డును ప్రతి ప్రాథమిక ఆరోగ్య కేంద్రం గోడకు తగిలించాలి. దీనికి ప్రత్యేక నిధులేమీ అక్కరలేదు.